కర్నూలులో ఖాకీ కుట్టే షాపు, గోడకు వేలాడే చిరిగిన చొక్కాలు

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందు లోపల పోలీసు యూనిఫాంలు కుట్టే షాపు ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. అసలు పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు. "ఖాకీ మాస్టరు షాపు యాడ?" అంటే మాత్రం సందు మొదట్లో టీ బంకు అబ్బాయి కూడా చెయ్యి చూపిస్తాడు. మా ఆయన హెడ్ కానిస్టేబుల్, నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఇంట్లో ఖాకీ చిరిగినా, కొత్తది కావాల్సి వచ్చినా ఈ షాపుకే పోతాం. కొత్తగా సెలెక్టయిన పిల్లల తల్లిదండ్రులు "యూనిఫాం ఎక్కడ కుట్టించాలి మేడం" అని తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంకో విషయం కోసం కూడా. ఆ విషయం షాపులో గోడకే వేలాడుతూ ఉంటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కుట్టు సంగతి. రెడీమేడ్ ఖాకీ ఊళ్లో దొరుకుతుంది, తక్కువకే దొరుకుతుంది. కానీ పరేడులో నిలబెడితే తేడా తెలిసిపోతుంది. ఈ మాస్టరు కొలత తీసుకునే పద్ధతే వేరు. మామూలు కొలతలు అయ్యాక "సెల్యూట్ కొట్టండి సార్" అంటాడు. చెయ్యి పైకి లేచి అలాగే ఉండగా చంక నుంచి నడుము దాకా టేపు పెట్టి ఇంకోసారి కొలుస్తాడు. ఆ కొలత లేకుండా కుట్టిన చొక్కా సెల్యూట్ చేసిన ప్రతిసారీ బెల్టు లోంచి పైకి వచ్చేస్తుంది. పరేడు జరుగుతున్నంతసేపూ దాన్ని మళ్లీ లోపలికి దోపుకునే వీలుండదు కదా. తర్వాత గుంజీలు తీయిస్తాడు. ప్యాంటు కాళ్ల మధ్య కుట్టు రెండు వరసలు వేస్తాడు. లాఠీ పట్టుకుని గోడ దూకేటప్పుడు పిగిలిపోతే ఆ మనిషి పరువు ఏం కావాలి?

భుజం దగ్గర మాస్టరు పనితనం చూడాలి. భుజం కుట్టు సరిగ్గా ఎముక మీదే దిగాలి. అర అంగుళం జారినా పైనున్న ఫ్లాప్ వాలిపోయి, దాని మీద పెట్టిన లోహపు అక్షరాలు ముందుకు తూలిపోతాయి. ఈయన ఫ్లాప్ లోపల గట్టి కాన్వాసు ముక్క పెట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టేస్తాడు. ఎన్ని ఉతుకులు పడినా వంగదు. మా ఆయన హోదా చూపే మూడు పట్టీలు కూడా మాస్టరు చేతి కుట్టే. మిషన్ మీద వేస్తే మూల దగ్గర ముడత వస్తుందని చేత్తోనే కుడతాడు.

బట్ట విషయంలో ఒక సలహా ఇస్తాడు, నాకు బాగా నచ్చింది. ట్యూబులైటు కింద ఖాకీ ఎంచుకోవద్దంటాడు. తానులోంచి బట్ట విప్పి, సందులోకి తీసుకొచ్చి, ఎండలో పరిచి, మీ పాత చొక్కా పక్కన పెట్టి చూపిస్తాడు. షాపులో ఒకేలా కనిపించిన రెండు ఖాకీలు ఎండలో ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా తేలతాయి. ఇన్‌స్పెక్షన్ రోజు ఆ తేడా చూసి మాట పడేది కట్టుకున్నవాడే. టెరికాట్‌కు మడత నిలుస్తుంది, కానీ కర్నూలు మే నెలలో రాజ్‌విహార్ సెంటర్‌లో ట్రాఫిక్ డ్యూటీ చేసేవాడికి అది ఒంటికి అంటుకుపోతుంది. అలాంటివాళ్లకు కాటన్ పాలు ఎక్కువున్న బట్టే ఇస్తాడు. మడత నిలవదని ముందే చెప్పి, గంజి ఎలా పెట్టాలో కూడా చెప్పి పంపిస్తాడు.

జతకు కుట్టుకూలి ఈమధ్య 900 తీసుకున్నాడు. బయట కంటే కొంచెం ఎక్కువే. ఐడీ కార్డు చూపించకుండా ఎంత ఎక్కువిస్తామన్నా ఖాకీ కుట్టడు. ఒకసారి నా ముందే ఒక కుర్రాడు వచ్చి "అన్నా, షార్ట్ ఫిల్మ్‌కు కావాలి, ఫుల్ యూనిఫాం కుట్టియ్యి" అన్నాడు. మాస్టరు స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్నాడు. కుర్రాడికి కోపం వచ్చి వెళ్లిపోయాడు. మాస్టరు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. పోలీసునని చెప్పుకుని ఆ అధికారం చెలాయిస్తే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. మోసం చేసే ఉద్దేశంతో ఆ వేషం వేసుకున్నా 205 కింద నేరమే. అద్దె ఖాకీ వేసుకుని ఎవడో హైవే మీద లారీలు ఆపితే, ఆ పాపం నిజం ఖాకీ మీద పడుతుంది.

ఆగస్టు రాగానే షాపు రూపం మారిపోతుంది. ఖాకీ తాన్లు ఒక పక్కకు జరిగి, జెండా బట్ట మిషన్ మీదికి వస్తుంది. మా స్కూలు జెండా ఇక్కడే కుట్టిస్తాం. రోడ్డు మీద అమ్మే వాటిలో సగం జెండాలు కొలతకు ఉండవు, చక్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది. ఈయన పొడవు, వెడల్పు మూడుకు రెండు పాళ్లలో కత్తిరించి, మూడు పట్టీలు సమానంగా వచ్చాయో లేదో మడిచి చూసి, చక్రం లోపల 24 ఆకులు వేలితో లెక్కపెట్టుకుని అప్పుడు ఇస్తాడు. 2002 జెండా నియమావళిని 2021 డిసెంబరులో సవరించి పాలిస్టర్ జెండాలకు, మిషన్ మీద చేసిన వాటికి అనుమతి ఇచ్చారు. ఈయన మాత్రం అడిగినవాళ్లకు ఇప్పటికీ కాటన్‌దే ఇస్తాడు. పాతబడి అంచులు పోయిన జెండాలను స్కూళ్ల నుంచి వెనక్కి తీసుకుంటాడు. గుడ్డపీలికల్లో కలపడు. అన్నీ ఒక తెల్లగుడ్డలో చుట్టిపెట్టి, ఎవరూ చూడని చోట గౌరవంగా దహనం చేస్తాడు. నియమావళి చెప్పేది కూడా అదే. ఈ విషయం మా పిల్లలకు చెప్పాను. ఆ ఏడాది ఆగస్టు 16న గ్రౌండ్‌లో పడి ఉన్న చిన్న కాగితపు జెండాలన్నీ వాళ్లే ఏరుకొచ్చారు.

ఇక గోడ సంగతి. కటింగ్ బల్ల వెనక మేకులు కొట్టి ఉంటాయి. బాగుచేయాల్సిన ఖాకీ చొక్కాలు వాటికి వేలాడుతుంటాయి, ఒక్కోదానికి ఒక చీటీ. వయసు వల్ల పిగిలిన బట్ట చూడగానే తెలుస్తుంది, దారాలు పలచబడి ఉంటాయి. ఇవి అలాంటివి కావు. బట్ట కొత్తదే, చిరుగు కూడా కొత్తదే. ఒకదానికి కాలరు వెనక నుంచి ఊడొచ్చింది. ఇంకోదానికి భుజం ఫ్లాప్ గుండీతో సహా పోయింది. ఎక్కువ వాటికి కుడి జేబు చిరిగి ఉంది, అన్నీ ఒకే చోట, పైఅంచున.

"అన్నిటికీ అదే జేబు ఎందుకు చిరుగుతుంది మాస్టరూ?" అని అడిగాను.

"నేమ్ ప్లేటు ఉండేది అక్కడే కదమ్మా. గలాటాలో ముందు దాన్నే పీకుతారు" అన్నాడు.

డ్యూటీలో చిరిగిన చొక్కాకు మాస్టరు డబ్బు తీసుకోడు. బోర్డు పెట్టి చెప్పుకోడు, అడిగితేనే తెలుస్తుంది. "బార్డర్‌లో మిలిటరీవాళ్లు, ఊళ్లో వీళ్లు. దేశం రెండుచోట్లా కాపాడాలి కదమ్మా" అన్నాడు మిషన్ తొక్కుతూనే. నేను సోషల్ పాఠంలో ఇంతకంటే బాగా ఎప్పుడూ చెప్పలేదు.

మా ఇంటి చొక్కా మాత్రం ఆ మేకుకు ఎక్కలేదు. రాత్రిపూట డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో కారు ఆపినందుకు ఒకతను మా ఆయన కాలరు పట్టుకున్నాడు. పెదవి చిట్లింది, చొక్కా ముందు భాగం నడుము దాకా చిరిగింది. రక్తం మరకలున్న ఆ చొక్కాను కేసు ప్రాపర్టీ కింద సీజ్ చేశారు. కేసు తేలేదాకా అది తిరిగి రాదు, కొత్తది మా డబ్బుతోనే కుట్టించుకున్నాం. కొట్టిన వ్యక్తి అరెస్టు లేకుండా నోటీసు తీసుకుని ఆ రాత్రే ఇంటికి వెళ్లిపోయాడు. మా ఆయన కుట్లు వేయించుకుని పొద్దున్నే రోల్ కాల్‌కు వెళ్లాడు. నాలుగు రోజులకు అవతలివాళ్లు పోలీసులే తమను కొట్టారని ఎదురు ఫిర్యాదు పెట్టారు. దాని మీద ఎంక్వయిరీ నడిచినన్ని నెలలు ఇంట్లో ఒకటే టెన్షన్. లాయరు ఫీజు నా జీతంలోంచే కట్టాం. చొక్కా చింపిన కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

అప్పటి నుంచి నేను సెక్షన్లు చదవడం మొదలుపెట్టాను. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దౌర్జన్యం చేస్తే న్యాయ సంహిత 132వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. గాయపరిస్తే 121, అయిదేళ్ల దాకా. పాత ఐపీసీలో ఇది మూడేళ్లే, పెంచినందుకు సంతోషం. తీవ్రంగా గాయపరిస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు. కాగితం మీద చూస్తే బాగానే ఉంది. కానీ ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు, కారణాలు రాసి చూపించాలి అని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు జనానికి అది మంచి తీర్పే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే నడిరోడ్డు మీద వందమంది చూస్తుండగా ఖాకీ చొక్కా చింపినవాడు కూడా అదే నోటీసుతో ఇంటికి వెళ్లిపోతున్నాడు. చూసిన ఆ వందమందికీ ఏం అర్థమవుతుంది?

డాక్టర్ల విషయం చూడండి. ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడుల కోసం మన రాష్ట్రంలో 2008లోనే ప్రత్యేక చట్టం తెచ్చారు. కోవిడ్ వచ్చాక 2020లో కేంద్రం ఎపిడమిక్ చట్టాన్ని సవరించి ఆరోగ్య సిబ్బందిని కొడితే మూడు నెలల నుంచి అయిదేళ్లు, తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు అంది. దర్యాప్తు 30 రోజుల్లో ముగించాలని గడువు కూడా పెట్టింది. చాలా మంచి పని. అదే లాక్‌డౌన్‌లో చౌరస్తాల్లో మాస్కు కట్టుకుని నిలబడిన కానిస్టేబుల్‌కు అలాంటి గడువు ఏ చట్టంలోనూ లేదు. పోలీసు మీద దాడి కేసుకు కూడా దర్యాప్తుకు, విచారణకు గడువు పెట్టి ఒక ప్రత్యేక చట్టం తేవాలి. నా మొదటి కోరిక ఇదే.

రెండోది ఎదురు కేసుల నుంచి రక్షణ. విధి నిర్వహణలో చేసిన పనికి కోర్టు కేసు స్వీకరించాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని ఒక సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీలో 197, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218. కానీ ప్రభుత్వ అనుమతి లేకుండా ఉద్యోగం నుంచి తొలగించడానికి వీల్లేని అధికారులకే అది నేరుగా వర్తిస్తుంది. కానిస్టేబుల్‌ను నియమించేది ఎస్పీ. అంటే ఏసీ గదిలో ఆర్డరు ఇచ్చినవాళ్లకు ఉన్న గొడుగు, ఆ ఆర్డరు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లినవాడికి దానంతట అది దొరకదు. శాంతిభద్రతలు చూసే బలగాలకు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి వర్తింపజేయవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. గుంపును చెదరగొట్టే సమయంలో సదుద్దేశంతో చేసిన పనికి అదే సంహితలో 151వ సెక్షన్ రక్షణ ఇస్తుంది, అది గుంపు వరకే. కానిస్టేబుల్ నుంచి ఎస్సై దాకా అందరూ చట్టంలోనే ఉండాలి, ఏ ప్రభుత్వమో దయతలిచి ఇచ్చే కాగితం మీద ఆధారపడకూడదు. ఎదురు కేసు పడితే లాయరు ఖర్చు సర్కారే భరించాలి. అనుమతి మీద 120 రోజుల్లో నిర్ణయం తీసుకోకపోతే ఇచ్చినట్టే అని కొత్త చట్టంలో ఉంది కాబట్టి, తప్పు చేసినవాణ్ణి ఏళ్ల తరబడి దాచే భయం కూడా లేదు.

తప్పు చేసినవాడి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. లాకప్‌లో చెయ్యెత్తినవాడికి ఈ రక్షణ నేను అడగడం లేదు. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన అరెస్టు నియమాలు, 2020లో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలన్న తీర్పు, రెండూ అమలు కావాలి. మా ఆయన కూడా అదే అంటాడు. చొక్కాకు కెమెరా తగిలించి ఉంటే ఆ రాత్రి ఎవరు ఎవర్ని కొట్టారో పది నిమిషాల్లో తేలేది, మాకు నెలల ఎంక్వయిరీ తప్పేది. నిజాయితీగా డ్యూటీ చేసేవాడికి కెమెరాయే మొదటి సాక్షి.

"వాళ్లకు యూనియన్ ఉంటుంది, వాళ్లే అడుగుతారులే" అని కొందరు అంటారు. రాజ్యాంగం 33వ అధికరణం, 1966 నాటి చట్టం కలిపి పోలీసుల సంఘ హక్కుల మీద గట్టి పరిమితులు పెట్టాయి. టీచర్లుగా మేం డీఏ కోసం కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుంటాం. అదే టెంటు పక్కన ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్ తన కోసం టెంటు వేసుకోలేడు. 2019లో మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. బందోబస్తులు వరసగా పడితే ఆ ఆఫ్ ఏమవుతుందో పోలీసు ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. వాళ్లు గొంతెత్తలేరు కాబట్టి మనం ఎత్తాలి. నా లెక్కలో అది దేశభక్తిలో భాగమే.

మన జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 1847 ఫిబ్రవరి 22న, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న కోయిలకుంట్లలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీవాళ్లు ఉరితీసిన నేల ఇది. అప్పటి బలగం పరాయివాడిది. 1861 పోలీసు చట్టం కూడా మనల్ని అణచడానికి రాసిందే. ఆ పాత భయం మన మాటల్లో ఇంకా ఉంది. కానీ ఇప్పుడు ఆ చొక్కా తొడుక్కునేది పత్తికొండ, ఆలూరు, ఆదోని రైతుల పిల్లలు. ఒకప్పుడు ఫ్యాక్షన్‌కు మారుపేరైన కప్పట్రాళ్లను దత్తత తీసుకుని బాగుచేయడానికి పూనుకున్నది అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ గారు. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రలు లేచినప్పుడు మధ్యలో నిలబడేది వీళ్లే. 2014లో మరణానంతరం అశోకచక్ర అందుకున్న గ్రేహౌండ్స్ రిజర్వ్ ఎస్సై కె. ప్రసాద్ బాబు మన రాష్ట్ర పోలీసే. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయిన పదిమందీ పోలీసులే. వాళ్ల గుర్తుగానే ఏటా ఆ రోజు అమరవీరుల దినం. 2018లో ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ పోలీసు స్మారకం గోడల మీద 34 వేలకు పైగా పేర్లున్నాయి. మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏటా అక్టోబరు 21 పరేడుకు తీసుకెళ్తాను. అమరుల పేర్లు చదివేటప్పుడు ఒక్కడు కూడా గుసగుసలాడడు.

షాపుకు మళ్లీ వస్తే, లోపాలూ ఉన్నాయి. సందులో బండి తిరగదు, బయట రోడ్డు మీదే పెట్టుకుని నడవాలి. ఆడపిల్లలు వేసుకుని చూసుకోవడానికి గది లేదు, ఒక తెర మాత్రమే ఉంది. మొన్న ఒక కొత్త కానిస్టేబుల్ అమ్మాయి "అక్కా, నువ్వు తెర పట్టుకో" అంటే నేను పక్కన నిలబడ్డాను. మాస్టరు కోడలు కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాక కొంత నయం. కానీ ఇప్పుడు ఇంతమంది ఆడపిల్లలు డిపార్ట్‌మెంట్‌లోకి వస్తున్నారు, తలుపున్న గది కట్టించాల్సిందే. ఆ మాట మాస్టరు ముఖం మీదే చెప్పాను, "చేస్తానమ్మా" అన్నాడు. డెలివరీ కూడా చెప్పిన రోజుకు రావడం తక్కువ. రెండు రోజులు కలుపుకుని అడగండి. ఫోన్‌పే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది.

ఆగస్టు 15 పరేడుకు కావాలంటే జులైలోనే బట్ట ఇచ్చేయండి. అక్టోబరు 21కి కావాల్సినవాళ్లు దసరాకు ముందే ఇవ్వాలి. బన్ని బందోబస్తు అయిన వారం మాస్టరు కొత్త ఆర్డర్లు ముట్టడు, చిరిగినవే ముందు కుడతాడు. కొలతలకు వెళ్లేటప్పుడు పాత చొక్కా ఒకటి, ఐడీ కార్డు మరిచిపోకుండా తీసుకెళ్లండి.